పేట పటం – పేటవాసుల మాట

ఇల్లు కట్టించదలచిన గృహస్థు ఎంతమందిని సంప్రదిస్తాడో మనకందరకూ తెలుసు. మేస్త్రీని అడుగుతాడు, వడ్రంగిని అడుగుతాడు, వాస్తు చూచే సిద్ధాంతిగారిని అడుగుతాడు. పొగ ఎటు పోవలెనో, నీళ్ల తొట్టి ఎక్కడ ఉండవలెనో, పెరటి వాకిలి ఎటు తెరుచుకొనవలెనో ఇల్లాలు చెబుతుంది. ఆమె మాట పెడచెవిని పెట్టి కట్టిన వంటిల్లు ఎట్లా ఉంటుందో అనుభవజ్ఞులకు వేరుగా చెప్పనక్కరలేదు. కాని ఆ ఇంటి గడప దాటి నాలుగడుగులు వీధిలోకి వచ్చిన తరువాత, అక్కడి సంగతులు ఎవరు ఎవరిని అడిగి నిర్ణయించారన్న ప్రశ్నకు సమాధానం దొరకదు. ఎదుటి ఖాళీ స్థలంలో ఐదంతస్తుల మేడ లేవవచ్చునా, పక్క సందులో పిండిమర తిరగవచ్చునా, చెరువు గట్టు దిగువన లే అవుటు వేయవచ్చునా, మన ముంగిట ఎన్ని అడుగులు రోడ్డులోకి పోతవి – ఇవన్నీ ఒక కాగితం మీద నిర్ణయమై ఉంటవి. ఆ కాగితాన్ని మాస్టర్ ప్లాను అంటారు. దానికి తోడుగా వచ్చే నియమాలను జోనింగు నిబంధనలంటారు. ఆ కాగితం తయారయ్యేటప్పుడు అక్కడ నివసించేవారి మాట ఏ దశలో, ఏ రీతిగా అందులోకి చేరవలెనన్న విషయాన్ని గురించి ఈ ప్రసంగంలో మనవి చేస్తాను.

ఈ పటం చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. మన దేశంలో ప్రణాళికా శాఖలవారు వాడే రంగులు చాలావరకు ఒక్కటే. నివాసాలకు పసుపు, వర్తకానికి నీలం, పరిశ్రమలకు ఊదా, పార్కులకు ఆటస్థలాలకు ఆకుపచ్చ, బడులు ఆస్పత్రులు కార్యాలయాల వంటి వాటికి ఎరుపు. పసిపిల్లలు రంగులు దిద్దిన బొమ్మ వలె కనిపించే ఈ కాగితానికి ఎంత బలమున్నదో తన భూమి ఏ రంగులో పడినదో తెలిసిన తరువాతనే మనిషికి బోధపడుతుంది. ఊదా రంగులో పడిన పొలాన్ని దున్నుకోవద్దని ఎవరూ వెంటనే వచ్చి చెప్పరు. కాని అందులో ఇల్లు కట్టుకొనుటకు అనుమతి దొరకదు. బిడ్డ పెండ్లికి అర ఎకరం అమ్ముకొందామన్నా కొనేవాడు వెనుకాడుతాడు. పొలం అక్కడే ఉంటుంది, పట్టా పుస్తకమూ బీరువాలోనే ఉంటుంది, దాని మీద పెట్టుకొన్న భరోసా మాత్రం పోతుంది.

రంగులతో పాటు కొలతలున్నవి. ఇంటి చుట్టూ ఎంత జాగా వదలవలెను, ఎంత ఎత్తు లేపవచ్చును అన్నవి ఆ కొలతలు. స్థలానికి ఇన్ని రెట్లకు మించి కట్టరాదన్న పాత పరిమితిని హైదరాబాదులో 2006 నాటి భవన నిబంధనలు తొలగించి, భవనపు ఎత్తును రోడ్డు వెడల్పుతోను స్థలపు విస్తీర్ణంతోను ముడిపెట్టినవి. అందుచేత పటం మీద ఒక వీధిని ముప్పది అడుగుల నుంచి నలుబది అడుగులుగా గీస్తే మారేది వీధి ఒక్కటే కాదు. దాని కిరుపక్కల లేవగల అంతస్తులు మారుతవి, ఆ అంతస్తులలో చేరబోయే సంసారాలు మారుతవి, పాత మురుగుగొట్టం మీద పడే భారం మారుతుంది, వెనుక వరుసలోని పెంకుటింటికి వచ్చే ఎండ మారుతుంది. ఆ గీత గీసినవారికి ఇది ఒక సంఖ్య. ఆ పెంకుటింటివారికి మధ్యాహ్నం మూడు గంటలకే దీపం వెలిగించుకొనే స్థితి.

ఇటువంటి కాగితాలు మనకు కొత్తవి కావు. 1908 సెప్టెంబరులో మూసీ నది పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచివేసిన తరువాత, 1912లో నగరాభివృద్ధి కోసం ఒక బోర్డును నెలకొల్పారు. మద్రాసు రాజధానిలో పట్టణ ప్రణాళికా చట్టం 1920లో వచ్చినది. ఆ కాలపు పనులలో నగరాలకు మేలు చేసినవి ఎన్నో ఉన్నవి. వాటిని తక్కువ చేయటం నా ఉద్దేశం కాదు. కాని ప్రజల మేలు ప్రజలకన్న అధికారులకే బాగా తెలుసునన్న నమ్మకం ఆనాటి పాలనకు పునాది. స్వాతంత్ర్యం వచ్చినది, ఆ పాలన పోయినది. నమ్మకం మాత్రం కొన్ని కచేరీలలో అంత తొందరగా ఖాళీ చేసి పోలేదు.

చట్టం ప్రజలను బొత్తిగా మరచిపోయినదని అనరాదు. 1957 నాటి ఢిల్లీ అభివృద్ధి చట్టం గాని, ఆ అచ్చులోనే వచ్చిన మన 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం గాని ఒక పద్ధతి విధించినవి. ముందు ముసాయిదా తయారుచేయవలెను. దానిని ప్రకటించి, జనం చూచుకొనుటకు ఒక ప్రతిని అందుబాటులో ఉంచి, ఆక్షేపణలను సూచనలను ఆహ్వానించవలెను. వచ్చిన వాటిని పరిశీలించిన మీదటనే ప్రభుత్వం ఆమోదించవలెను. కాగితం మీద ఇది నిర్దుష్టమైన పద్ధతి. ఆచరణలో దీని బలహీనత ఎక్కడున్నదంటే, ప్రజలను పిలిచే వేళకు గీతలన్నీ గీయటం అయిపోయి ఉంటుంది. ఇక వారికి మిగిలిన పని కాదనటం ఒక్కటే. విస్తరి వేసి వడ్డించిన తరువాత, నీకు ఏ కూర ఇష్టమని అడిగినట్లుంటుంది.

దీనికి మన మధ్యనే జరిగిన ఉదాహరణ కామారెడ్డి. హైదరాబాదు నుంచి నాగపూరు పోయే రహదారి మీద, నిజామాబాదు రైలు మార్గం మీద ఉన్న ఈ ఊరు 2016లో జిల్లా కేంద్రమైనది. జిల్లా కేంద్రమైన తరువాత ఊరు పెరుగుతుంది. పెరిగే ఊరికి ప్రణాళిక కావలెను. చుట్టుపక్కల పల్లెలను కూడా పురపాలక సంఘంలో కలిపారు. 2022 చివర మాస్టర్ ప్లాను ముసాయిదా వెలువడినది. ఆక్షేపణలకు అరవై దినాల గడువు ఇచ్చారు. అంతవరకు చట్టం ప్రకారమే నడిచినదనవచ్చును. అయితే విలీనమైన పల్లెల రైతులు ఆ పటాన్ని చూచుకొంటే, రెండు పంటలు పండే తమ పొలాలు కొన్ని పారిశ్రామిక మండలంలో పడి ఉన్నవి, కొన్నింటి మీదుగా వెడల్పైన రోడ్లు పోతున్నవి. తమ భూమి మీద ఇంత నిర్ణయం జరుగుతున్నదని వారికి తెలిసినది ఆ పటం వలననే. దానికి ముందు ఎవరూ వచ్చి పొలం గట్టున నిలబడి మాట్లాడలేదని వారి ఫిర్యాదు.

ఆ తరువాత జరిగినది పత్రికలలో అందరూ చదివినదే. ధర్నాలు, రాస్తారోకోలు, 2023 జనవరిలో కలెక్టరు కార్యాలయం ముందు పెద్ద ఆందోళన. ఆ రోజులలోనే ఒక రైతు ప్రాణం తీసుకొన్నాడు. భూమి పోతుందన్న దిగులుతోనే ఆ పని చేసినాడని ఆ గ్రామంవారు చెప్పారు. ప్రతిపాదనే గాని నిర్ణయం కాదని, భూములు తీసుకొనటం లేదని అధికారులు చెబుతూనే వచ్చారు. సాంకేతికంగా ఆ మాట తప్పు కాదు. కాని ముసాయిదా అనగా ఏమిటో, ఏది మారవచ్చునో, ఏది మారదో ముందుగా ఎవరూ చెప్పనప్పుడు, రంగు వేసిన కాగితం రైతు కంటికి శాసనంగానే కనిపిస్తుంది. చివరకు జనవరి నెలలోనే పురపాలక సంఘం సమావేశమై ఆ ముసాయిదా వద్దని తీర్మానించినది. జగిత్యాలలో కూడా అట్లాంటి ఆందోళనే, అట్లాంటి తీర్మానమే జరిగినవి.

రైతులు గెలిచినారని కొందరు సంతోషించారు. నాకు ఆ సంతోషం సగమే. ఎందుచేతనంటే పటం రద్దయినంత మాత్రాన ఊరు పెరగటం ఆగదు. ప్రణాళిక లేని చోట లే అవుట్లు తమ దారిన తాము వెలుస్తవి, వాగు పూడుతుంది, బడికి జాగా ఉండదు. ఆ రైతులు కూడా ఊరికి ప్రణాళిక వద్దన్నవారు కారు. తమను అడగకుండా గీసిన గీత వద్దన్నవారు. ఏ సర్వే నంబరులో బావి ఉన్నదో, ఏ వానకు ఏ గట్టు తెగుతుందో, పరిశ్రమకు ఇవ్వదగిన చౌడునేల ఎక్కడున్నదో వారికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? మొదటి నెలలోనే ఆ ప్రశ్నలు వేసి ఉంటే, పటం కొంత ఆలస్యమయ్యేదేమో గాని మిగిలేది.

చిన్న పట్టణాలలోనే ఇట్లా జరుగుతుందని అనుకోవద్దు. బొంబాయి మహానగరానికి ఇరవై ఏండ్ల అభివృద్ధి ప్రణాళిక ముసాయిదాను 2015 ఫిబ్రవరిలో ప్రకటించారు. అరవై వేలకు పైగా ఆక్షేపణలు వచ్చి పడినవి. జనం నివసించే భవనాల మీదుగా రోడ్లు గీసి ఉన్నవని, ప్రార్థనా స్థలాలు, చారిత్రక కట్టడాలు తప్పుగా గుర్తించారని, కొన్ని అసలే కనిపించటం లేదని ఆయా వీధులవారే ఎత్తి చూపారు. ఏప్రిల్ నెలలో ముఖ్యమంత్రి ఆ ముసాయిదాను పక్కన పెట్టి సవరించమన్నారు. సవరించిన ముసాయిదా 2016లో వచ్చి, 2018లో ఆమోదం పొందినది. అంత పెద్ద నగరంలో, అంత యంత్రాంగం ఉండి, గుడి ఎక్కడున్నదో గుడి వీధివాడు చెబితే గాని తెలియలేదన్న సంగతి ఇంజనీరింగు విద్యార్థులకు పాఠంగా పెట్టదగినది.

గీత గీయకముందే అడగటం అన్నది ఈనాడు పుట్టిన ఊహ కాదు. వంద సంవత్సరాలకు పూర్వమే ఒక స్కాట్లండు దేశీయుడు ఈ మాట చెప్పుటకు మన దేశానికి వచ్చాడు. ఆయన పేరు పాట్రిక్ గెడ్డెస్. వృత్తిరీత్యా జీవశాస్త్రజ్ఞుడు, కనుక ఊరిని కూడా ఒక ప్రాణిగానే చూచేవాడు. నగరాలను గురించి ఆయన సేకరించిన పటాలు, చిత్రాల ప్రదర్శనను ఓడలో భారతదేశానికి పంపితే, 1914 అక్టోబరులో జర్మనుల ఎమ్డెన్ నౌక ఆ ఓడను ముంచివేసినది. మద్రాసు పట్టణం మీద గుండ్లు కురిపించిన ఆ ఎమ్డెన్ పేరు మన పెద్దలు మరచిపోలేదు. ఐనా ఆయన నిరుత్సాహపడక, మిత్రుల సాయంతో మరల పటాలు సమకూర్చుకొని 1915 జనవరిలో మద్రాసులో ప్రదర్శన పెట్టాడు. తరువాత రాజధానిలోని పట్టణాలెన్నో తిరిగాడు.

ఆయన పద్ధతి విచిత్రమైనది. గుర్రపుబండి దిగి సందులలో కాలినడకన తిరిగేవాడు. ఏ ఇంటి అరుగు మీద ఎవరు కూర్చుంటారో, ఆడవారు నీటికి ఎటు పోతారో, ఏ చెట్టు క్రింద పంచాయితీ జరుగుతుందో చూచేవాడు. రోగం తెలుసుకొనకుండా మందు ఇవ్వరాదన్నది ఆయన సూత్రం. ఇరుకు పేటలను నిలువునా కోసి తిన్నని రోడ్లు వేయవలెనన్న ఇంజనీర్ల ప్రతిపాదనలను ఆయన ఒప్పుకొనలేదు. శిథిలమైన ఒక ఇంటిని తీసివేసి అక్కడ చిన్న బయలు ఏర్పరచటం, మూసుకుపోయిన సందు కొసను తెరవటం, చెట్టు చుట్టూ జాగా వదలటం – ఇట్లా అవసరమైనంత మేరకే కత్తి పెట్టవలెననేవాడు. మంచి శస్త్రవైద్యుని వలె.

ఇందూరు సంస్థానంలో ఆయన చేసిన పని కథగా చెప్పుకొనదగినది. ఆ నగరాన్ని ప్లేగు పీడిస్తున్నది. ఇండ్లు బాగుచేయుటకు వచ్చిన ఈ దొరను చూచి, ఇండ్లు పడగొట్టించుటకే వచ్చాడని జనం భయపడ్డారు. అప్పుడాయన దీపావళి ఊరేగింపును తనకు ఒప్పగించవలసినదిగా దర్బారును కోరాడు. ఊరేగింపు ఏటేటా పోయే దారిన పోదని, ఏ వీధులవారు తమ ఇండ్లను వాకిళ్లను బాగా శుభ్రం చేసి మరమ్మతు చేసుకొంటారో ఆ వీధుల వెంబడి పోతుందని చాటించాడు. ఇక చెప్పేదేమున్నది! బండ్లకొద్దీ చెత్త ఊరు దాటినది. ఊరేగింపులో పారిశుధ్య పనివారిని పూలమాలలతో గౌరవంగా నడిపించారు. ప్లేగు తెచ్చే ఎలుక బొమ్మను చేసి తగులబెట్టారు. ఇంటింటికి తులసి మొక్కలు పంచారు. 1918లో ఆయన దర్బారుకు సమర్పించిన నివేదిక రెండు సంపుటాలు. అయితే ఆ గ్రంథం చదవనివారికి కూడా ఆ దీపావళి అర్థమైనది. ఒక్కటి మాత్రం గమనించవలెను. గెడ్డెస్ జనం దగ్గరకు పోయినాడు, జనాన్ని ఉత్సాహపరచినాడు. నిర్ణయం మాత్రం దర్బారుదే, సలహా దొరదే. జనమే కూర్చుండి తమ పేటకు నియమాలు వ్రాసుకొనటం అన్నది ఇంకా ముందున్న మెట్టు.

ఆ మెట్టు ఎక్కినవారి కోసం నేను వెదికితే జపాను దేశంలోని కోబే నగరం కనిపించినది. ఆ నగరానికి పడమటి భాగంలో నగాతా వార్డు, అందులో మానో అనే పేట ఉన్నవి. రబ్బరు చెప్పుల కార్ఖానాలు, చిన్న చిన్న యంత్రశాలలు, వాటి సందున కూలివారి ఇండ్లు. మన పాత పారిశ్రామిక వాడల వంటిదే అనుకోండి. 1960 దశకంలో పొగ, దుర్వాసన భరించలేక అక్కడివారు సంఘం కట్టారు. మొదట కార్ఖానాలతో పోరాడారు. పోరాడుతూనే ఖాళీ జాగాలలో చెట్లు నాటారు, పిల్లలకు ఆటస్థలం సంపాదించుకొన్నారు, ఒంటరి వృద్ధులకు అన్నం అందించే ఏర్పాటు చేసుకొన్నారు. తరువాత మెల్లగా ఒక ఆలోచన వచ్చినది: ఈ కార్ఖానాలన్నీ పోతే మనలో సగంమందికి పని ఉండదు, ఉంటే ఊపిరాడదు, రెండింటికీ ఒక కట్టుబాటు కావలెను గదా అని.

1980లో వారు తమ పేటకు ప్రణాళిక తామే వ్రాసి నగరపాలక సంస్థకు సమర్పించారు. ఇండ్లు, కార్ఖానాలు రెండూ ఉండవలెను. అయితే క్రమక్రమంగా వేరుపడవలెను. సందులు వెడల్పు కావలెను. కొత్తగా కట్టేవారు ఇంత వెనుకకు జరిగి కట్టవలెను. ఇళ్లవారు, కార్ఖానాదారులు, అద్దెకున్నవారు, కొట్లవారు ఏండ్ల తరబడి కూర్చుని ఒప్పుకొన్న మాటలివి. 1981 చివర కోబే నగరం ఒక శాసనం చేసి, ఇటువంటి పేట సంఘాలను గుర్తించి, వారితో ఒప్పందం చేసుకొనుటకు వీలు కల్పించినది. 1982లో మానో సంఘానికీ నగరానికీ ఒప్పందం కుదిరినది. ఈ పద్ధతిని వారు మాచిజుకురి అంటారు. మాచి అనగా పేట, జుకురి అనగా తీర్చిదిద్దుకొనటం. ప్రభుత్వం చేసే ప్రణాళికకు వారి భాషలో వేరే మాట ఉన్నది. అది బరువైన కచేరీ మాట. దీనిని ఇంటి మాటగానే ఉంచుకొన్నారు.

పదమూడేండ్ల తరువాత 1995 జనవరి 17వ తేదీ తెల్లవారుజామున భూకంపం వచ్చినది. 6,400 మందికి పైగా మరణించారు. నగాతా వార్డులో వీధులకు వీధులే కాలిపోయినవి. మానోలో కూడా నిప్పంటుకొన్నది. అగ్నిమాపక బండ్లు రాలేదు. పేటవారు వరుసగా నిలబడి బకెట్లు చేతులు మార్చుకొన్నారు. ఏ కార్ఖానాలో పంపు ఉన్నదో తెలుసు గనుక ఆ సిబ్బందిని పిలుచుకొన్నారు. మంట వ్యాపించకుండా ఆపగలిగారు. ఏ ఇంటిలో ఏ ముసలమ్మ ఒంటరిగా పడుకొంటుందో అన్నం పంచిన చేతులకు తెలుసు. వీధి వెడల్పును గురించి పదిహేనేండ్లు కూర్చుని వాదించుకొన్న సమావేశాలు ఆ తెల్లవారుజామున ఇట్లా అక్కరకు వచ్చినవి.

అదే నగరంలో ఇందుకు విరుద్ధమైనదీ జరిగినది. భూకంపమైన రెండు నెలలకే, జనం ఇంకా బడులలో గుడారాలలో తలదాచుకొని ఉండగానే, కాలిపోయిన పేటలకు కొత్త రోడ్ల ప్రణాళికలను నగరపాలకులు ఖాయం చేశారు. పెద్ద గొడవ లేచినది. అప్పుడు అధికారులు ఒక మెట్టు దిగి, పెద్ద రోడ్లు పెద్ద పార్కుల వంటి స్థూలమైన విషయాలే ఇప్పుడు నిశ్చయించినామని, లోపలి సందులు చిన్న తోటలు మొదలైన వివరాలు పేట సంఘాలు చెప్పిన తరువాతనే నిర్ణయిస్తామని ఒప్పుకొన్నారు. మాచిజుకురి సంఘాలు అప్పుడు ఎన్నో పేటలలో పుట్టినవి. అయితే ముందే సంఘమున్న చోట పని సాగినంత సులువుగా, అప్పటికప్పుడు కట్టుకొన్న చోట సాగలేదు.

ఇక అసలు చిక్కు ప్రశ్నకు వస్తున్నాను. పేటవాసులను అడగండి అంటున్నాము. పేటవాసులనగా ఎవరు?

ఈ ప్రశ్న దాటవేయదగినది కాదు. అమెరికాలో న్యూయార్కు నగరం 1916లో జోనింగు శాసనం చేసినప్పుడు, ఆకాశాన్ని మూసివేసే భవనాల నుంచి వీధికి వెలుతురు మిగల్చటం ఒక కారణం. రెండవ కారణం, ఫిఫ్త్ ఎవెన్యూ మీది గొప్ప దుకాణదారులకు తమ వీధి దరిదాపులకు బట్టలు కుట్టే కార్ఖానాలు, వాటిలోని వలస కూలీలు రావటం గిట్టకపోవటం. వారు కూడా పౌరులే, వారు కూడా తమ పేటను గురించే మాట్లాడారు! 1926లో ఆ దేశపు సుప్రీంకోర్టు జోనింగు చెల్లుతుందని తీర్పు చెబుతూ, సొంత ఇండ్ల వాడలో లేచే అద్దె ఇండ్ల భవనాన్ని పరాన్నజీవితో పోల్చినది. అద్దెకుండేవారి మాట ఆ న్యాయస్థానం దాకా పోలేదు మరి.

మన కాలనీ సంఘాలలో కూడా సభ్యత్వం చాలాచోట్ల ఇంటి యజమానికే. ఇరవై ఏండ్లుగా అద్దెకున్న గుమాస్తాగారికి ఓటు ఉండదు. వాచ్‌మన్ కుటుంబం, ఇస్త్రీ బండివాడు, గల్లీ చివర గుడిసెలలో ఉండి కాలనీ అంతటా పాచిపని చేసే స్త్రీలు లెక్కలోకే రారు. సంఘం తీర్మానం చేసినదంటే పేట అంతా చేసినట్లు పత్రికలో పడుతుంది. ఆ తీర్మానంలో మొదటి కోరిక తరచుగా కూరల బండ్లను తీసివేయించమనటమే. తీసివేసిన మర్నాడు కొత్తిమీర కట్ట ఎక్కడ దొరుకుతుందని ఇంట్లోవారు అడుగుతారు, అది వేరే సంగతి. కాబట్టి గోల చేయగలిగినవారి మాట ఒక్కటే విని నియమాలు వ్రాయటం కూడా, ఎవరినీ అడగకుండా వ్రాయటం వంటిదే. ఒక్కొక్కప్పుడు అంతకన్న కఠినమైనది, ఎందుకంటే ప్రజలే కోరారన్న సాక్ష్యం దానికి తోడవుతుంది.

దీనికి మన చట్టాలలోనే ఒకచోట మంచి మందు ఉన్నది. 2014 నాటి వీధి విక్రేతల చట్టం ప్రతి పట్టణంలోను ఒక విక్రయ కమిటీని ఏర్పాటు చేయమన్నది. ఏ వీధిలో బండ్లు ఉండవచ్చును, ఎక్కడ ఉండరాదు అన్న మండలాల నిర్ణయంలో ఆ కమిటీ మాట ఉండవలెను. ఆ కమిటీ సభ్యులలో నూటికి నలుబదిమందికి తగ్గకుండా వీధి విక్రేతలే ఉండవలెను, వారిని విక్రేతలే ఎన్నుకొనవలెను, ఆ ప్రతినిధులలో మూడవ వంతు స్త్రీలు కావలెను. చట్టం అన్నిచోట్ల ఇట్లాగే అమలైనదని నేను చెప్పబోవటం లేదు. కాని ఆ సూత్రం చూడండి: గీత వలన బ్రతుకు మారేవానికి, గీత గీసే బల్ల దగ్గరే ఒక కుర్చీ. మాస్టర్ ప్లాను విషయంలో కౌలుదారుకు, అద్దెదారుకు, బస్తీవాసికి ఇట్లాంటి కుర్చీ ఏ చట్టమూ ఇంకా వేయలేదు.

అటువంటి కుర్చీ వేయుటకు తావు లేకపోలేదు. 1992 నాటి రాజ్యాంగ సవరణ, సంఖ్యాక్రమంలో 74వది, 3 లక్షలు గాని అంతకు పైన గాని జనాభా గల పట్టణాలలో వార్డు కమిటీలు ఉండవలెనన్నది. తెలంగాణలో 2019 నాటి పురపాలక చట్టం ఒక్కొక్క వార్డుకు యువకులు, స్త్రీలు, వృద్ధులు, ప్రముఖ పౌరులు అని నాలుగు కమిటీలను నిర్దేశించినది. ఈ కమిటీలకు చెట్లు, చెత్త, దీపాలు అప్పగిస్తున్నారు. మంచిదే. వార్డు పటాన్ని కూడా వారి ముందు పరచి, ముసాయిదాకు ఒక ఏడాది ముందు వారితో కలిసి వీధులు తిరగటానికి ఖర్చు పెద్దగా ఉండదు. గెడ్డెస్ తిరిగినట్లు తిరగవలెను, అంతే; కాళ్లు నొప్పి పుడతవి.

ఇక భాష సంగతి. నేను వృత్తిరీత్యా చెవులకు పని చెప్పేవాణ్ణి గనుక ఈ మాట అనే చనువు తీసుకొంటున్నాను. ముసాయిదా పటం ఒక పెద్ద కచేరీ గోడ మీద, ఇంగ్లీషు అక్షరాలలో, చీమ తలకాయంత సర్వే నంబర్లతో వ్రేలాడుతుంటుంది. దానిని చూచి తన ఇల్లు గుర్తుపట్టగలిగినవారు నూటికి ఎందరు? పటాన్ని రేడియోలో చూపించలేము. ఈ లోపమే ఒక గుణమని నా అభిప్రాయం. చూపించలేనప్పుడు చెప్పవలసి వస్తుంది. “గంగమ్మ గుడి దగ్గర నుంచి పాత మిల్లు వరకు ఉన్న రోడ్డు ఇప్పుడు ఇరవై అడుగులు, ముసాయిదాలో నలుబది, ఎడమవైపు ఇండ్లలో ముంగిళ్లు పోతవి, కుడివైపు అంగళ్లకు అనుమతి వస్తుంది” అని తెలుగు మాటలలో చెప్పగలిగితే ఆ పటం గీసినవారికి అర్థమైనదన్నమాట. చెప్పలేకపోతే వారు ఇంకొకసారి ఆ వీధికి పోయి రావలెను.

ఆకాశవాణికి ఇటువంటి పనిలో అనుభవం లేకపోలేదు. 1956లో పూనా కేంద్రంవారు యునెస్కో సహాయంతో 150 గ్రామాలలో రేడియో గోష్ఠులు నడిపారు. గ్రామస్థులు ఒకచోట చేరి ప్రసంగం వినేవారు, విన్న తరువాత తమలో తాము చర్చించుకొనేవారు, సందేహాలను కేంద్రానికి వ్రాసి పంపేవారు. మరొకనాడు వాటికి సమాధానాలు ప్రసారమయ్యేవి. విను, చర్చించు, ఆచరించు అన్నవి ఆ గోష్ఠులకు ముఖ్య సూత్రాలు. 1959 నుంచి ఆ పద్ధతి దేశంలో ఇతర ప్రాంతాలకు కూడా వ్యాపించినది. ఎరువుల విషయంలో, బావుల విషయంలో జరిగిన ఆ పని వార్డు పటం విషయంలో జరగకపోవుటకు నాకు కారణం కనిపించదు. సాయంకాలం వేళ ఒక్కొక్క వార్డుకు పావుగంట చొప్పున ముసాయిదాను చదివి వినిపించవచ్చును. పురపాలక సంఘాలవారు వ్రాసి పంపితే చదివేవారికి కొరత లేదు.

అది జరిగే లోపల, మీ ఊరి ముసాయిదా వెలువడినదని తెలిసిన నాడు చేయవలసిన పని కొంత ఉన్నది. గడువు తేదీని ముందు గుర్తు పెట్టుకొనండి. పటం ఎదుట ఒక్కరే నిలబడక, పాత పటం చూచిన పెద్దవారిని ఒకరిని, సర్వే నంబర్లు తెలిసినవారిని ఒకరిని వెంటబెట్టుకొని పోండి. ఇల్లు మీదే కానక్కరలేదు. ఆక్షేపణ ఏ వ్యక్తియైనా ఇవ్వవచ్చునన్నదే 1957 నాటి ఢిల్లీ చట్టం మొదలుకొని వస్తున్న వాడుక. అన్యాయం జరిగినదని మాత్రమే వ్రాస్తే అది దొంతరలో కలిసిపోతుంది. సర్వే నంబరు, వీధి పేరు, పటంలో ఏమున్నది, నేల మీద ఏమున్నది, దానికి బదులు ఏమి ఉండవలెనని మీ కోరిక – ఈ సంగతులు తెలుగులోనే విస్పష్టంగా వ్రాయండి. రెండు ప్రతులు వ్రాసి, ఒకటి కచేరీలో ఇచ్చి, రెండవ దాని మీద తేదీతో కూడిన ముద్ర వేయించుకొనండి. ఆ ప్రతిని ఇంటి దస్తావేజులతో పాటు భద్రపరచండి. విచారణకు పిలుపు వచ్చిననాడు అది చేతిలో ఉండవలెను.